నల్ల అంచుల పదిహేనేళ్లు

2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలోని యెర్బా బ్యూనా కళాకేంద్రంలో స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ను బయటపెట్టిన నాటికి, దాని కొలతకు తగ్గట్టు రాసిన యాప్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉన్నాయి. ఐఫోన్ కోసం రాసినవి మాత్రం లక్షా 40 వేలు. కొత్త పరికరం కొనేవాడికి మొదటి రోజునే చేతినిండా పని చూపించాలంటే ఆ నిల్వే దిక్కు. అందుకే యాపిల్ అధికారి స్కాట్ ఫోర్‌స్టాల్ వేదికెక్కి, ఒక్క అక్షరం మార్చని ఐఫోన్ యాప్‌లను ఐప్యాడ్ మీద నడిపి చూపించాడు. పాతవన్నీ నడుస్తాయన్నదే ఆ ప్రదర్శన ఇచ్చిన హామీ. టాబ్లెట్ తెరల మీద యాప్‌ల చరిత్ర ఈ హామీతో మొదలైంది. ఆండ్రాయిడ్ పక్కన దాన్ని వెనక్కి తీసుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది.

పాత యాప్‌ను పెద్ద తెర మీద చూపడానికి యాపిల్ రెండు దారులు పెట్టింది. ఒకటి, యాప్‌ను ఉన్న కొలతలోనే తెర నడుమ నిలిపి చుట్టూ నలుపు వదిలేయడం. రెండోది, కింద కుడి మూలనున్న ‘2ఎక్స్’ గుర్తు నొక్కితే ఒక్కో పిక్సెల్‌ను అడ్డంగా రెండు, నిలువుగా రెండు చేసి పరచడం. లెక్క వేస్తే ఈ రెండింటి స్వభావమూ తెలిసిపోతుంది. అప్పటి ఐఫోన్ తెర 320 పిక్సెళ్ల వెడల్పు, 480 పిక్సెళ్ల ఎత్తు. ఐప్యాడ్ తెర 768 వెడల్పు, 1024 ఎత్తు. మొదటి పద్ధతిలో యాప్ ఆక్రమించేది తెరలో అయిదో వంతుకు కాస్త తక్కువ. రెట్టింపు చేసినా 640, 960 దగ్గర ఆగుతుంది. కుడి ఎడమల 64 పిక్సెళ్ల చొప్పున, పైనా కిందా 32 చొప్పున నలుపు మిగులుతుంది. వెలపెట్టి కొన్న గాజులో 22 శాతం ఎప్పుడూ చీకటే.

వేలికి ఇది ఎలా తగిలేదో కూడా చూడాలి. వేలితో నొక్కే బొత్తం కనీసం 44 పాయింట్లు ఉండాలని యాపిల్ డెవలపర్లకు చెప్పేది. ఆనాటి ఐఫోన్‌లో అంగుళానికి 163 పిక్సెళ్లు కాబట్టి అది దాదాపు 7 మిల్లీమీటర్లు. ఐప్యాడ్‌లో అంగుళానికి 132 మాత్రమే. అదే బొత్తం ఇక్కడ ఎనిమిదిన్నర మిల్లీమీటర్లయ్యేది, రెట్టింపు చేస్తే 17 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరంత. యాప్‌తో పాటు దాని కీబోర్డూ రెట్టింపయ్యేది. చిన్నపిల్లల పలక మీద అచ్చక్షరాలు పేర్చినట్టుండే ఆ కీబోర్డు మీద ఉత్తరం రాయడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

అక్షరం సంగతి ఇంకా ఇబ్బంది. చిన్న తెర కోసం గీసిన అక్షరాన్ని మళ్లీ గీయకుండా చుక్కల్నే పెద్దవి చేస్తే అంచులు మెట్లుమెట్లుగా విరుగుతాయి. ఇంగ్లిషు అక్షరం నిటారు గీతల బలంతో ఆ దెబ్బను కొంత ఓర్చుకుంటుంది. మన లిపికి ఆ వెసులుబాటు లేదు. ‘లక్ష్మి’ అన్న మాటలో రెండో అక్షరాన్నే తీసుకుంటే పైన గుడి, నడుమ కకారం, కింద షకార మకారాల వత్తులు. ఒక్క అక్షరంలో ఇన్ని అంతస్తులుంటే ఒక్కో వత్తుకు దక్కేది కొద్ది పిక్సెళ్లే. వాటిని రెట్టింపు చేస్తే మసకా రెట్టింపవుతుంది తప్ప వంపు తిరగదు.

వికారం చేసిన మేలు

చూడటానికి ఇంత ఎబ్బెట్టుగా ఉండటమే ఐప్యాడ్‌కు మేలు చేసింది. తమ్ముడి చొక్కా అన్నకు తొడిగినట్టు కనిపించే యాప్‌ను చూసి, దాన్ని రాసినవాళ్లకే సిగ్గేసేది. ఆ ఏడాది ఏప్రిల్ 3న అమ్మకాలు మొదలైతే తొలిరోజే మూడు లక్షల ఐప్యాడ్‌లు పోయాయి. కొన్నవాళ్లు నల్ల అంచులున్న యాప్‌కు, నిండుగా ఉన్న యాప్‌కు తేడా ఒక్క చూపులో పట్టేసేవారు.

యాప్‌లను పెద్ద తెరకు మళ్లీ గీయడానికి కావలసిన సరంజామాను యాపిల్ ముందే సిద్ధం చేసింది. ఐప్యాడ్‌తో వచ్చిన ఐఫోన్ ఓఎస్ 3.2లో తెరను రెండు గదులుగా చీల్చే ఏర్పాటు ఉంది. మెయిల్ యాప్ దానికి తార్కాణం: ఫోనులో ఉత్తరాల జాబితా ఒక తెర, ఉత్తరం మరో తెర. ఐప్యాడ్‌ను అడ్డంగా పట్టుకుంటే జాబితా ఎడమన, ఉత్తరం కుడిన, రెండూ ఒకేసారి. వెనక్కి వెళ్లే బొత్తంతో పని తగ్గింది. ఒకే యాప్‌లో రెండు పరికరాలకూ రెండు రూపాలు పెట్టే ‘యూనివర్సల్’ పద్ధతీ అప్పుడే వచ్చింది. కొందరు పెద్ద తెర రూపానికి పేరు చివర ‘హెచ్‌డీ’ తగిలించి వేరే ధరకు అమ్మారు. యాంగ్రీ బర్డ్స్ హెచ్‌డీ అలాంటిదే. రెండు సార్లు డబ్బు పెట్టాల్సి వస్తోందని జనం విసుక్కున్నా, మళ్లీ గీసిన పనికి కూలి గిట్టుతుందని డెవలపర్లకు నమ్మకం కుదిరింది.

మొదట్లో యాపిల్ పరికరాల తెర కొలతలు రెండే. కొలతలు తక్కువగా, కచ్చితంగా ఉన్నప్పుడు దర్జీ రెండు చొక్కాలు విడివిడిగా కుడతాడు. కొలతలు వందలయితే సాగే గుడ్డ వెతుక్కుంటాడు. ఆండ్రాయిడ్ కథ ఆ సాగే గుడ్డ కథ.

సాగే గుడ్డ

ఆండ్రాయిడ్ ఫోన్లను ఎవరైనా తయారుచేయొచ్చు, ఏ కొలతలోనైనా చేయొచ్చు. అందుకే 2009 సెప్టెంబరులో వచ్చిన ఆండ్రాయిడ్ 1.6 నాటికే గూగుల్ రకరకాల తెరలకు సరిపడే ఏర్పాటు చేసింది. తెర సాంద్రతతో నిమిత్తం లేని ‘డీపీ’ అనే కొలమానం అందులో కీలకం. అంగుళానికి 160 చుక్కలున్న తెర మీద ఒక డీపీ ఒక పిక్సెల్. 320 ఉంటే రెండు పిక్సెళ్లు. బొత్తం ఏ తెర మీదైనా ఇంచుమించు ఒకే భౌతిక పరిమాణంలో ఉంటుంది. మిగిలిన జాగాలోకి యాప్ తనంతట తాను సాగుతుంది. సిద్ధాంతంగా చూస్తే ఇది యాపిల్ పద్ధతి కంటే ముందుచూపు ఉన్నది.

2010 సెప్టెంబరు 2న బెర్లిన్ ఐఎఫ్ఏ ప్రదర్శనలో శామ్‌సంగ్ 7 అంగుళాల గెలాక్సీ టాబ్‌ను చూపించింది. దాని తెర 1024, 600 పిక్సెళ్లు. లోపలున్నది ఫోన్ల కోసం చేసిన ఆండ్రాయిడ్ 2.2. అదే నెలలో గూగుల్ అధికారి హ్యూగో బార్రా, ఈ 2.2 టాబ్లెట్లకు అనువుగా చేసింది కాదని బాహాటంగా చెప్పాడు. ఆ తర్వాతి నెలలో స్టీవ్ జాబ్స్, 7 అంగుళాల తెరలు వాడాలంటే వేళ్లను గరుకు కాగితంతో అరగదీసుకోవాలని వెక్కిరించాడు. ఒకరు తమ సాఫ్ట్‌వేర్ సిద్ధంగా లేదన్నారు, మరొకరు ఆ కొలతే తప్పన్నారు. సరుకు మాత్రం అంగట్లోకి వచ్చేసింది.

గూగుల్ జవాబు 2011 ఫిబ్రవరిలో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0, హనీకోంబ్. మోటొరోలా జూమ్ అనే 10.1 అంగుళాల టాబ్ దాన్ని మోసుకొచ్చింది. తెరను గదులుగా విడగొట్టి కలిపే ‘ఫ్రాగ్మెంట్’ అనే పనిముట్టును ఇందులో ఇచ్చారు. జులైలో వచ్చిన 3.2లో రెండు చేర్పులు జరిగాయి. తెర కనిష్ఠ వెడల్పు 600 డీపీ ఉంటే 7 అంగుళాల టాబ్‌గా, 720 ఉంటే 10 అంగుళాలదిగా గుర్తించి వేరే అమరిక చూపే వీలు ఒకటి. సాగలేని యాప్‌ను ఫోను కొలతలో గీసి తెరంతా పెద్దది చేసి చూపే పొందిక విధానం మరొకటి. యాపిల్ 2ఎక్స్‌కు ఇది ఆండ్రాయిడ్ తోబుట్టువు.

పనిముట్లు అన్నీ ఉన్నా చేతులు కదల్లేదు. ఎందుకో తెలియాలంటే సాగిన యాప్‌ను దగ్గరగా చూడాలి. 1280, 800 పిక్సెళ్ల తెర ఉన్న 10.1 అంగుళాల టాబ్‌ను అడ్డంగా పట్టుకుంటే వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలు. అందులో ఫోను కోసం రాసిన సందేశాల యాప్ తెరిచారనుకోండి. ప్రతి వరుసలోనూ పంపినవాడి పేరు ఎడమ అంచున, వచ్చిన సమయం కుడి అంచున. ఫోనులో వాటి మధ్య దూరం అంగుళం లోపు. ఇక్కడ ఆరేడు అంగుళాల తెల్లటి మైదానం. ఏ సమయం ఏ పేరుదో తెలియాలంటే పుస్తకం కింద స్కేలు పెట్టుకున్నట్టు కన్ను ఆ గీత పట్టుకుని ప్రయాణం చేయాలి. సందేశం తెరిస్తే ఒక్కో పంక్తి ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు తీస్తుంది. దినపత్రిక అంత వెడల్పు కాగితాన్ని కాలమ్‌లుగా చీల్చుకున్నది ఈ బాధ తప్పించుకోవడానికే: పంక్తి మరీ పొడవైతే తర్వాతి పంక్తి మొదలు కంటికి చిక్కదు.

ఇంత ఉన్నా ఆ యాప్ చెడిపోయినట్టు కనబడదు. నల్ల అంచు లేదు, మసక లేదు, బొత్తాల కొలత సరిగ్గానే ఉంది. డెవలపర్ ఒకసారి తెరిచి చూసి ‘బాగానే నడుస్తోందే’ అని మూసేస్తాడు. సాగే గుణం లోపాన్ని కప్పిపెట్టింది. కొలత కుదరని యాపిల్ చొక్కా నలుగురి కంటా పడి మళ్లీ కుట్టించుకుంది. ఒంటికి వేలాడే ఆండ్రాయిడ్ చొక్కా ‘వదులుగా ఉంది, అంతేగా’ అనిపించుకుని నెట్టుకొచ్చింది. 2012 మార్చి 7న మూడో ఐప్యాడ్‌ను పరిచయం చేస్తూ టిమ్ కుక్, ట్విట్టర్, యెల్ప్ యాప్‌లను శామ్‌సంగ్ టాబ్ మీదా ఐప్యాడ్ మీదా పక్కపక్కన చూపించాడు. శామ్‌సంగ్ మీద ఉన్నది ఊదిన ఫోను యాప్ అన్నది అతని వాదన. పోటీదారు మాటే అయినా బొమ్మ అబద్ధం చెప్పలేదు.

తెర వెనుక జరిగేది

పెద్ద తెర మీద ఫోను యాప్ నెమ్మదిస్తుందా అన్నదానికి జవాబు, అది ఏ పద్ధతిలో నడుస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. పొందిక విధానంలో యాప్ గీసేది చిన్న తెరనే. పెద్దది చేసే పని వ్యవస్థది, అది తేలిక. 320, 480 పిక్సెళ్ల తెరను ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున మెమరీలో ఉంచితే 6 లక్షల 14 వేల బైట్లు. 2012 నాటి మూడో ఐప్యాడ్‌లో 2048, 1536 పిక్సెళ్ల నిండు తెరకు కోటీ 25 లక్షలకు పైగా, అంటే 20 రెట్లు. కాబట్టి పెద్దది చేసిన పాత యాప్ వేగంలో నష్టపోదు, స్పష్టతలో నష్టపోతుంది. సాగే యాప్‌కు ఇది తిరగబడుతుంది. అది ప్రతి చుక్కనూ తానే గీయాలి, ఫోనుకు సరిపోయిన బొమ్మలను నిండు తెరకు లాగాలి. చిన్న బొమ్మలు మసకబారతాయి, పెద్దవి తెప్పిస్తే మెమరీ కరిగిపోతుంది.

అసలు చిక్కు తెర తిరగడంలో ఉంది. ఆండ్రాయిడ్‌లో పరికరాన్ని నిలువు నుంచి అడ్డానికి తిప్పితే, వేరే ఏర్పాటు చేసుకోని యాప్ తెరను వ్యవస్థ కూల్చి మళ్లీ కడుతుంది. ఆ క్షణానికి ఉన్న స్థితిని దాచుకోవడం యాప్ బాధ్యత. ఆ శ్రమ పడలేక చాలామంది దగ్గరిదారి తొక్కారు: యాప్ నిలువుగా తప్ప కదలదని కట్టడి పెట్టేశారు. ఫోనును అందరూ నిలువుగానే పట్టుకుంటారు కాబట్టి అక్కడ ఎవరికీ తెలియలేదు.

టాబ్‌ను మాత్రం స్టాండు మీద అడ్డంగా నిలబెడతారు. మా ఇంట్లో 11 అంగుళాల టాబ్ వంటగది అరుగు మీద అలాగే ఉంటుంది. అందులో ఒక చెల్లింపుల యాప్ తెరిస్తే తెర మొత్తం పక్కకు ఒరిగి లేస్తుంది, ఆవకాయ కలిపిన చేత్తో టాబ్ తిప్పలేక మెడ వాల్చి చదవాలి. పోనీ అని టాబ్‌ను నిలువుగా తిప్పి సగం నింపిన ఫారం ఉన్న మరో యాప్‌కు వెళితే, ఆ తిప్పుడుకు అందులోని వివరాలన్నీ చెరిగిపోయి మళ్లీ మొదటి గడి ఎదురవుతుంది. ఒకటి తిరగనంటుంది, ఒకటి తిరిగితే మరిచిపోతుంది. రెండూ ఒకే బద్ధకానికి పుట్టిన కవలలు.

కెమెరా వాడే యాప్‌లది ఇంకో తంటా. ఫోనును నిలువుగా పట్టుకున్నప్పుడు కెమెరా ఏ దిక్కున చూస్తుందో మనసులో పెట్టుకుని రాసిన యాప్, వేరే దిక్కున అమర్చిన టాబ్ కెమెరా ముందు తికమక పడుతుంది. మొహం పక్కకు పడుకుని కనిపించవచ్చు, లేదా సాగిపోవచ్చు.

ఇక్కడి టాబ్‌లు

మన దేశంలో ఈ చరిత్రకు ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విడుదల చేసిన ఆకాశ్ టాబ్లెట్‌ను విద్యార్థుల కోసం, అతి తక్కువ ధర లక్ష్యంగా డేటావిండ్ సంస్థ అందించింది. పరికరాల కూర్పు హైదరాబాద్‌లో జరిగింది. దాని తెర 7 అంగుళాలు, 800, 480 పిక్సెళ్లు, లోపల ఆండ్రాయిడ్ 2.2. గూగుల్ నెక్సస్ వన్ ఫోను 3.7 అంగుళాల తెరలోనూ అంతే పిక్సెళ్లున్నాయి. అంటే ఆకాశ్ మీద ఫోను యాప్‌కు కొత్త పిక్సెళ్లంటూ ఏమీ రాలేదు. అన్నే చుక్కలను పెద్ద తెర మీద అంగుళానికి 133 చొప్పున పరిచారు. వేలి ఒత్తిడితో పనిచేసే తెర, 256 ఎంబీ మెమరీ. గూగుల్ యాప్ దుకాణం కూడా అందులో లేదు. తెర పెద్దదయినంత మాత్రాన టాబ్లెట్ కాదన్న సంగతి ఆకాశ్ చెప్పినంత సూటిగా మరేదీ చెప్పలేదు.

పదకొండేళ్ల తర్వాత, 2022 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ 8.7 అంగుళాల తెరలున్న టాబ్‌లు అయిదు లక్షలకు పైగా పంచింది. వాటిలో ప్రధానంగా ఉన్నవి వీడియో పాఠాలు. పెద్ద తెర మీద వీడియోకు తిరిగి కుట్టాల్సిన అవసరం లేదు, అది ఎంత చోటిస్తే అంత నిండుతుంది. బడిలోనే కాదు, ఇళ్లలోనూ టాబ్లెట్ ఎక్కువగా సినిమాలు, పాటలు, పాఠాలు చూసే పలకగా మిగిలింది. చూసేవాళ్లకు కుంటి యాప్‌లతో పని పడలేదు, పని పడనిచోట ఫిర్యాదు పుట్టదు, ఫిర్యాదు లేనిచోట మరమ్మతు జరగదు.

మడతపెట్టే ఫోను తెచ్చిన మార్పు

2019 జూన్‌లో గూగుల్ ఇక తాను టాబ్లెట్లు తయారుచేయబోనని ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో శామ్‌సంగ్ గెలాక్సీ ఫోల్డ్ అమ్మకాలకు వచ్చింది. మూసి ఉంటే ఫోను, తెరిస్తే 7.3 అంగుళాల పలక. ఒకే యాప్ నడుస్తుండగానే దాని కింద తెర కొలత మారిపోతుంది. ఇంతకాలం టాబ్లెట్ అనే చిన్న వాడకు పరిమితమైన జబ్బు, అతి ఖరీదైన ఫోన్లకు పాకింది. పట్టించుకోక తప్పని పరిస్థితి అప్పుడొచ్చింది.

2021 అక్టోబరులో గూగుల్ ఆండ్రాయిడ్ 12ఎల్‌ను ప్రకటిస్తూ, ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే పెద్ద తెరల పరికరాలు వాడుకలో 25 కోట్లు దాటాయని చెప్పింది. 2022 మార్చిలో అది విడుదలైంది. నిలువు కట్టడి పెట్టుకున్న యాప్ కోసం తెరనంతా తిప్పడం మాని, దాన్ని నడుమ నిలిపి కుడి ఎడమల ఖాళీ వదిలే పద్ధతిని అందులో మెరుగుపరిచారు. 2010 నాటి నల్ల అంచు ఈసారి గూగుల్ ఇంటికి వచ్చింది. వికారాన్ని దాచకుండా చూపించడం వల్ల వచ్చే మేలు వాళ్లూ గ్రహించారనుకోవచ్చు. ఆ ఏడాది మే నెలలో తమ సొంత యాప్‌లు ఇరవైకి పైగా టాబ్లెట్లకు తగ్గట్టు మారుస్తామన్నారు. 2023లో పిక్సెల్ టాబ్లెట్‌తో, వదిలేసిన అంగట్లోకే తిరిగొచ్చారు.

బతిమాలే దశ 2025 జూన్‌లో ఆండ్రాయిడ్ 16తో ముగిసింది. ఈ వెర్షన్‌కు తగ్గట్టు తయారయ్యే యాప్‌లు, కనిష్ఠ వెడల్పు 600 డీపీ, అంతకు మించి ఉన్న తెరల మీద ‘నేను నిలువుగానే ఉంటాను, సాగను’ అని చెప్పినా వ్యవస్థ వినదు. ఆటలకు మినహాయింపు ఉంది, మిగతావాళ్లకు కొంతకాలం గడువు ఇచ్చారు. 2010లో పాత యాప్‌కు దక్కిన హక్కు, ఉన్నదున్నట్టు నడిచే హక్కు, ఆండ్రాయిడ్ పక్కన ఇక్కడితో చెల్లు.

ఐప్యాడ్ పక్కన మాత్రం వికారపు వైద్యం అందరికీ పనిచేయలేదు. 2010 అక్టోబరులో ఐఫోన్ యాప్‌గా పుట్టిన ఇన్‌స్టాగ్రామ్‌కు ఐప్యాడ్ రూపం 2025 సెప్టెంబరు 3న వచ్చింది. ఐప్యాడ్ వాడేవాళ్ల సంఖ్య ఆ శ్రమకు తగినంత లేదని దాని అధిపతి ఆడమ్ మొస్సేరి అంతకుముందు బాహాటంగానే చెప్పాడు. వాట్సాప్ అదే ఏడాది మే నెలలో వచ్చింది. యాపిల్ సొంత కాలిక్యులేటరే ఐప్యాడ్‌లోకి 2024లో గాని రాలేదు. ఎబ్బెట్టుగా కనిపించడం సిగ్గుపడేవాడినే కదిలిస్తుంది. కోట్ల మంది ఎలాగూ వాడుతున్న యాప్‌కు సిగ్గుతో పనిలేదు. నడుస్తుందన్న హామీ ఉన్నంతకాలం దానికి తొందరా లేదు.

తాటాకు మీది రచన అచ్చులోకి మారినప్పుడు పంక్తులను ఎవరూ ఆకు పొడవున సాగదీయలేదు. పదాల మధ్య ఎడం, పేరాలు కొత్త కాగితానికి తగ్గట్టు వచ్చాయి. ఆకు కొలత కాగితానికి వర్తించదని అచ్చు కూర్చినవాడికి తెలుసు. యాప్‌ల లోకంలో ఆ గ్రహింపును ఇప్పుడు నిబంధనగా రాస్తున్నారు. కానీ నిబంధన తెరను నింపమని చెప్పగలదే తప్ప దేనితో నింపాలో చెప్పలేదు. కట్టడి తీసేసిన యాప్ ఒకటి ఈమధ్య మా అరుగు మీది టాబ్‌లో మొదటిసారి అడ్డంగా తెరుచుకుంది. ఇరుపక్కలా నలుపు లేదు. పేరు ఆ చివర, సమయం ఈ చివర, మధ్యలో ఏడంగుళాల తెలుపు.